జమా ఖర్చు: ముందు వాల్వు, తరువాత ట్యూబు

బ్యాంకు ఉద్యోగికి "సస్పెన్షన్" అనే మాట చెవిన పడితే గుండె ఝల్లుమంటుంది. ముప్ఫయి మూడేళ్ళ సర్వీసులో ఆ మాట నా పేరు పక్కన పడకుండా కాపాడినందుకు మా హోసూరు కొండమీది చంద్రచూడేశ్వరుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటూ ఉంటాను. అలాంటిది 2023 అక్టోబరులో, సెలవు పెట్టి అమెరికా వెళ్ళి మా అమ్మాయి ఇంట్లో హాయిగా కాఫీ తాగుతూంటే, పొద్దున్నే మా అల్లుడు పెరటి వైపు నుంచి వచ్చి, "మామయ్యగారూ, సస్పెన్షన్ పోయింది" అన్నాడు.

ఒక్క క్షణం నేను మా హెడ్డాఫీసునే తలుచుకున్నాను. తరువాత తెలిసింది, పోయింది బండి సస్పెన్షన్ అని.

ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ నామినేషన్లూ, డిపాజిట్లూ, జాయింటు ఖాతాలూ అంటూ మీ ప్రాణాలు తీశాను. ఈసారి ఒక బండి కథ చెబుతాను. చివరికి ఇదీ లెక్కల కథే అయింది కనుక సంపాదకులు కోప్పడరనే నమ్మకం.

మా అమ్మాయివాళ్ళు ఉండేది ఆరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరానికి శివార్లలో. అక్కడ మోటార్ హోమ్ అనే వాహనం ఉంటుంది. చూడటానికి మన దూరప్రయాణపు బస్సంత ఉంటుంది. లోపల మంచాలు, వంటగట్టు, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఉంటాయి. ఇల్లూ బండీ ఒకటే అన్నమాట. మా అల్లుడు ఎవరో రిటైరైన దంపతుల దగ్గర 2004 నాటి బండి ఒకటి కొన్నాడు. 36 అడుగుల పొడవు, ఇంజను వెనక. మేము వచ్చినప్పుడు గ్రాండ్ కాన్యన్‌కు తీసుకెళ్ళాలని ఏడాదిగా డబ్బు కూడబెట్టుకుని మరీ కొన్నాడు. మా ఇంటావిడకు మోకాళ్ళ నొప్పులు. ఎక్కడపడితే అక్కడ ఆగి నడుం వాల్చే వీలున్న బండి అయితేనే అంత దూరం రాగలదని అతని ఆలోచన. అది తెలిశాక ఆ బండి మీద మా ఇద్దరికీ ప్రత్యేకమైన అభిమానం ఏర్పడింది.

ఆ బండి ఆరోజు పొద్దున ఎడమ వైపు వెనక మూల కిందికి దిగి, కుంటికాలి మీద నిలబడ్డ ఎద్దులా ఒరిగి ఉంది. రాత్రి చూసినప్పుడు తిన్నగానే ఉంది.

అల్లుడు ఒక వర్క్‌షాపుకు ఫోను చేశాడు. బండి చూడకుండానే వాళ్ళు చెప్పిన మాట: "ఇరవయ్యేళ్ళ బండి కదా, ఆరు గాలిసంచులూ, మూడు వాల్వులూ మొత్తం మార్చేయాలి. 5,800 డాలర్లవుతుంది. రెండు వారాల దాకా ఖాళీ లేదు." అప్పటి మారకం రేటు 83 రూపాయల చొప్పున మనసులోనే గుణించాను. 4 లక్షల 81 వేలు! మాకున్న సెలవు మూడు వారాలు. ప్రయాణానికి అనుకున్న రోజుకు పట్టుమని ఆరు రోజులు లేవు.

అల్లుడు ఫోను పెట్టేసి, టార్చిలైటు తీసుకుని, బండి కింద దూరడానికి నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. తల, భుజాలు లోపలికి వెళ్ళాయి. నేను పక్కనే నిలబడి, "చూడు బాబూ, ఏమైనా కనిపిస్తోందా?" అంటూ ఉత్సాహపరుస్తున్నాను కూడా. ఇంతలో గోడవతల నుంచి ఒక పెద్ద కేక వినిపించింది. పక్కింటి పెద్దాయన, డెబ్బయి దాటిన మనిషి, తోటగొట్టం అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చాడు. అల్లుడి రెండు కాళ్ళూ పట్టుకుని బయటికి లాగినంత పని చేశాడు.

ఆయన నలభై ఏళ్ళు ట్రక్కులు నడిపిన మనిషి. ఆయాసం తీరాక నెమ్మదిగా చెప్పాడు. "ఈ బండిని నిలబెడుతున్నది ఇనుము కాదు, గాలి. ఆ గాలి ఎక్కడో పోతోందని నీకు ఇప్పుడే తెలిసింది. పోయే గాలి కింద తల పెట్టవచ్చునా? నాతో పనిచేసిన ఒకతను ఇలాగే 'ఒక్క నిమిషం' అని కిందికి వెళ్ళాడు. బయటికి రాలేదు."

మా అమ్మాయి వాకిట్లోనే నిలబడి ఉంది. దాని ముఖం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. నేనైతే ఆ రోజంతా సరిగ్గా అన్నం తినలేకపోయాను. అల్లుణ్ణి ఉత్సాహపరిచింది నేనే కదా!

ఇక్కడ బండి సంగతి కొంచెం చెప్పాలి. మన లారీలకు కమాను పట్టీలు ఉంటాయని అందరికీ తెలుసు. ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టినవి. గాలి సస్పెన్షన్‌లో ఆ పట్టీల బదులు రబ్బరు సంచులుంటాయి. వాటిలో గాలి నింపితే బండి శరీరం దాని మీద తేలుతుంది. అమెరికాలో గ్రేహౌండ్ దూరప్రయాణపు బస్సుల్లో 1954 నాటికే ఇవి వచ్చాయి. మన దేశంలో 2001లో వోల్వో బస్సులు వచ్చిన తరువాత చాలామందికి ఈ మెత్తటి ప్రయాణం రుచి తెలిసింది. బెంగళూరు నుంచి రాత్రి బస్సెక్కి తిరుపతికో విజయవాడకో వెళ్ళిన మన పాఠకులు ఎందరో గాలిసంచుల మీద నిద్రపోయినవాళ్ళే.

ఇంజను తిరుగుతున్నప్పుడు ఒక కంప్రెసరు గాలిని ట్యాంకుల్లోకి నింపుతుంది. అల్లుడి బండిలో చదరపు అంగుళానికి 120 పౌండ్ల దాకా నింపి ఆగుతుంది. ఆ ట్యాంకులు ముఖ్యంగా బ్రేకుల కోసం. అందులో ఒక ట్యాంకు నుంచి సస్పెన్షన్‌కు కూడా గాలి వెళుతుంది. దారిలో మూడు వాల్వులుంటాయి: ముందు ఇరుసుకు ఒకటి, వెనక ఎడమకు ఒకటి, వెనక కుడికి ఒకటి. ఒక్కో వాల్వుకూ ఒక చిన్న చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి ఒక కడ్డీతో ఇరుసుకు తగిలించి ఉంటుంది. బండి కిందికి దిగితే చెయ్యి పైకి లేచి సంచిలోకి గాలి వదులుతుంది. బండి మరీ లేస్తే చెయ్యి దిగి గాలిని బయటికి పంపుతుంది. ఎంత బరువు వేసినా బండి ఎత్తు మారకుండా చూడటమే దాని ఉద్యోగం.

ట్యాంకుకూ సస్పెన్షన్‌కూ మధ్య ఇంకో కాపలా వాల్వు ఉంటుంది. ట్యాంకులో గాలి ఒక హద్దుకు తగ్గగానే అది సస్పెన్షన్‌కు గాలి ఆపేస్తుంది. మిగిలింది బ్రేకులకే. ఈ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా బ్యాంకుల్లో రిజర్వు నిష్పత్తి ఇదే కదా! ఎంత అడిగినా, ఎవరు అడిగినా, ఆ హద్దు దాటి అప్పు ఇవ్వకూడదు. బండి తయారుచేసినవాడు వాణిజ్యశాస్త్రం చదివినట్టే ఉంది.

"అయితే గాలి ఎక్కడ పోతోందో తెలుసుకోవడం ఎలా?" అని అడిగాను.

పెద్దాయన నవ్వి, "ఊహించకూడదు, రాసుకోవాలి" అన్నాడు.

రాసుకోవడం అంటే నేను లేకుండా ఎలా? మనవరాలి రూళ్ళ పుస్తకం ఒకటి అడిగి తీసుకున్నాను. నిలువు గీతలు గీసి ఏడు వరసలు చేశాను: సమయం, ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి, మొదటి ట్యాంకు, రెండో ట్యాంకు. సాయంత్రం చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టి, చేతిబ్రేకు వేసి, ఇంజను నడిపి రెండు ట్యాంకులూ 120కి వచ్చాక ఆపేశారు. ఇంజను నడుస్తున్నంతసేపూ బండి దగ్గర ఎవరూ వంగకూడదని పెద్దాయన హుకుం. గాలి ఎక్కేటప్పుడు బండి ఒక్కసారిగా లేస్తుంది, ఒక్కోసారి పక్కకు ఊగుతుంది. తరువాత చక్రం నడిమధ్య నుంచి పైన రేకు అంచు దాకా నాలుగు మూలలా టేపుతో కొలిచి రాసుకున్నాం.

విమానప్రయాణం బడలికవల్ల నాకు ఎలాగూ రాత్రి నిద్ర లేదు. గంటకోసారి టార్చి పట్టుకుని వెళ్ళి, నిలబడే కొలిచి వచ్చేవాణ్ణి. ఆ రాత్రి లెక్క ఇది. తొమ్మిది గంటలకు రెండు ట్యాంకులూ 120. పన్నెండుకు మొదటిది 97, రెండోది 118. నాలుగు మూలలూ కదల్లేదు. మూడింటికి మొదటిది 74, రెండోది 116. మూలలు అప్పటికీ కదల్లేదు. ఆరింటికి మొదటిది 73, రెండోది 114. వెనక ఎడమ మూల మాత్రం మూడు అంగుళాలు దిగిపోయింది!

పాఠకులు ఈ అంకెలను ఒకసారి నిదానంగా చూడండి. రాత్రి మూడు దాకా బండి నిక్షేపంగా నిలబడి ఉంది. చూసినవాడెవడూ రోగం ఉందనుకోడు. కానీ గాలి తొమ్మిదింటి నుంచే పోతోంది. సంచిలో పోయినంత గాలినీ వాల్వు ట్యాంకు నుంచి తెచ్చి భర్తీ చేస్తోంది. ట్యాంకు 70 దరిదాపులకు రాగానే కాపలా వాల్వు మూసుకుంది. అప్పుడు గానీ బండి ఒరగలేదు. చేతిలో పొదుపు ఉన్నన్నాళ్ళూ పైకి ఇల్లు బాగానే కనబడుతుంది. పొదుపు అయిపోయిన రోజునే ఒరుగుతుంది. ఇలాంటి కుటుంబాలను నేను నా కౌంటరు వెనక నుంచి ఎన్నో చూశాను.

రెండో ట్యాంకు 120 నుంచి 114కు ఎందుకు దిగింది? అది దొంగతనం కాదు. ఆ రాత్రి పగటికన్నా దాదాపు 15 డిగ్రీలు చల్లబడింది. చల్లబడితే మూసి ఉన్న గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఆ మేరకు ఏడు పౌండ్ల దాకా తగ్గడం సహజమే. దీన్ని లెక్కలోంచి తీసేయాలి. లేకపోతే లేని కన్నం కోసం వారం రోజులు వెతుకుతాం.

ఇక పెద్దాయన చేసిన విచారణ వినండి. మొత్తం బండి దిగితే అనుమానం అందరికీ ఉమ్మడిగా ఉన్న గొట్టం మీదా, బండిని దించడానికి పెట్టిన వాల్వుల మీదా పడాలి. ముందు భాగం రెండు పక్కలా దిగితే అక్కడి రెండు సంచులూ ఒకే వాల్వు కింద ఉన్నవి గనుక ఆ జట్టును చూడాలి. ఇక్కడ దిగింది వెనక ఎడమ మూల ఒక్కటే. అంటే ముద్దాయిలు ఒక వాల్వు, రెండు సంచులు, కొన్ని నైలాను గొట్టాలు, వాటి కీళ్ళు. మిగతా నాలుగు సంచులూ, రెండు వాల్వులూ నిర్దోషులని ఒక్క రాత్రిలో, ఒక్క డాలరు ఖర్చు లేకుండా తేలిపోయింది. ట్రయల్ బ్యాలెన్సు కలవనప్పుడు మేము కూడా లెడ్జర్లన్నీ తిరగెయ్యం. తేడా ఏ లెడ్జరులో ఉందో ముందు విడగొడతాం, తరువాత ఆ ఒక్క లెడ్జరు పేజీలు తిరగేస్తాం.

మర్నాడు పెద్దాయన తన షెడ్డు నుంచి బలమైన ఇనుప స్టాండ్లు తెచ్చాడు. బండి తయారుచేసినవాళ్ళ పుస్తకంలో చూపిన చోట్ల, చట్రం కింద, అవి పెట్టారు. బండికి పార్కింగులో సమం చేసుకోవడానికి సొంత జాకీలు ఉన్నాయి. "ఇవి చాలవా?" అని అల్లుడు అడిగితే, "అవి బండిని సమంగా నిలబెట్టడానికే, మనిషి ప్రాణం మొయ్యడానికి కాదు" అన్నాడాయన. ఇంకోటి కూడా చెప్పాడు. కింద ఉండగా ఆ వాల్వు కడ్డీని చేత్తో కదిపితే బండి అప్పటికప్పుడు దిగవచ్చు. అందుకని స్టాండ్లు లేనిదే దాని జోలికి పోరాదు.

తరువాత ఆయన తెచ్చిన మహాయంత్రం ఏమిటో తెలుసా? గిన్నెలు తోమే సబ్బునీళ్ళు పోసిన పిచికారీ సీసా!

నాకు వెంటనే మా హోసూరు పాతబస్టాండు దగ్గర సైకిలు షాపు గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా నాన్నగారి సైకిలు గాలి దిగితే అక్కడికి తోసుకెళ్ళేవాణ్ణి. షాపతను ముందే టైరు విప్పేవాడు కాదు. వేలితో నాలుక తడిచేసుకుని ఆ తడి వాల్వు మూతి మీద పెట్టేవాడు. బుడగ వస్తే లోపలి చిన్న రబ్బరు గొట్టం మార్చి నాలుగణాలు పుచ్చుకునేవాడు. బుడగ రాకపోతేనే టైరు విప్పి, ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచేవాడు. "ముందు వాల్వు, తరువాత ట్యూబు" అనేవాడు. నలభై అయిదేళ్ళ తరువాత, దాదాపు పదిహేను వేల కిలోమీటర్ల అవతల, ఆ మాటే పెద్దాయన ఇంగ్లీషులో చెబుతున్నాడు: "చవకగా మార్చేవి ముందు చూడాలి, ఖరీదైనవి ఆఖర్న చూడాలి."

స్టాండ్ల మీద బరువు ఆనించి, గాలి నింపి, ఇంజను ఆపాక, కీలు కీలుకూ సబ్బునీళ్ళు కొట్టారు. మా ఆరేళ్ళ మనవరాలు దూరంగా గీసిన గీత దాటకుండా కూర్చుని టార్చి వేస్తోంది. నాలుగో కీలు దగ్గర తెల్లటి నురగ పొంగింది. "తాతయ్యా, బబుల్!" అంది. "బుడగ అనమ్మా" అన్నాను. ఆ తరువాత ఆ పిల్ల "బుడగ! బుడగ!" అని ఎంత గోల చేసిందంటే, సాయంత్రానికి పక్కింటి పెద్దాయన కూడా "బుడగా?" అని అడగడం మొదలుపెట్టాడు.

సంగతేమంటే, వాల్వులోకి వెళ్ళే నైలాను గొట్టాన్ని ఎవరో ఎప్పుడో ప్లాస్టిక్ పట్టీతో పక్కకు లాగి కట్టారు. ఏళ్ళ తరబడి ఆ లాగుడుకు గొట్టం కీలులో ఏటవాలుగా కూర్చుంది. ఫీనిక్స్ ఎండలకు గట్టిపడింది. సరిచేసే పద్ధతి ఇది. ముందు ఆ జట్టులో గాలి మొత్తం వదిలేశారు. గాలి ఉండగా కీలు విప్పితే గొట్టం పాములా కొడుతుంది. గొట్టం చివర అర అంగుళం తిన్నగా కోశారు, ఏటవాలుగా కోస్తే మళ్ళీ కారుతుంది. కొత్త ఇత్తడి కీలు పెట్టి, గొట్టాన్ని అడుగు తగిలేదాకా నొక్కి, లాగి చూశారు. ఖర్చు ఎనిమిది డాలర్లు.

ఆ రాత్రి మళ్ళీ నా పుస్తకం, నా టార్చి. పొద్దున ఆరింటికి నాలుగు మూలలూ రాత్రి ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. ఇంట్లో పండగ! అల్లుడు సామాన్లు సర్దడం మొదలుపెట్టాడు. కానీ నా ఏడు వరసల్లో ఆరోది నన్ను నిలవనివ్వలేదు. రెండో ట్యాంకు 114, మొదటి ట్యాంకు 96. చలి ఇద్దరికీ ఒకటే. మొదటిదానికి ఆ అదనపు 18 ఎక్కడికి పోయింది?

"మామయ్యగారూ, బండి నిలబడింది కదా, చాలదా?" అన్నాడు అల్లుడు. పాపం, అతని ఆత్రం అతనిది. నేను ఒక్కటే చెప్పాను. "బాబూ, ట్రయల్ బ్యాలెన్సులో తేడా రెండు తప్పుల మొత్తం కూడా కావచ్చు. ఒకటి దొరికిందని పుస్తకం మూసేస్తే రెండోది ఆడిట్లో దొరుకుతుంది." ఆడిట్ అంటే ఇక్కడ కొండదారి అని వేరే చెప్పక్కర్లేదు. సస్పెన్షన్ మింగే గాలి బ్రేకులకు వెళ్ళే ట్యాంకులోదే. కాపలా వాల్వు ఉంది నిజమే. కాపలావాడున్నాడు కదా అని తలుపు తీసి పడుకుంటామా?

పెద్దాయన నా అంకెలు చూసి తలూపాడు. మళ్ళీ స్టాండ్లు, మళ్ళీ సబ్బునీళ్ళు. ఈసారి వాల్వు అడుగున గాలి బయటికి పోయే చిన్న రంధ్రం దగ్గర పెట్టాడు. గాలి నింపిన వెంటనే అక్కడ కొంచెం ఊదడం మామూలే గనుక పది నిమిషాలు ఆగి చూశాడు. నిమిషానికొకటి చొప్పున చిన్న చిన్న బుడగలు వస్తున్నాయి. అంటే వాల్వు లోపల మూత సరిగ్గా కూర్చోవడం లేదు. దాన్ని మార్చారు. 92 డాలర్లు. కొత్త వాల్వు పెట్టాక కడ్డీ పొడవు సరిచేసి, పుస్తకంలో ఇచ్చిన ఎత్తుకు బండిని తెచ్చారు. ఎత్తు తప్పితే ఇంజను నుంచి చక్రాలకు వెళ్ళే ఇరుసు కోణం తప్పుతుందట.

మూడో రాత్రి లెక్క: తొమ్మిదింటికి 120, 120. పొద్దున ఆరింటికి 113, 114. మధ్యాహ్నం ఎండెక్కాక, ఇంజను ముట్టుకోకుండానే, రెండూ మళ్ళీ 119 దాకా లేచాయి! చలికి దిగిన గాలి ఎండకు లేచింది. ఎవరూ ఏమీ ఎత్తుకుపోలేదు. పుస్తకంలో కింద రెండు గీతలు గీసి సంతకం పెట్టాను.

ఖర్చు మొత్తం సరిగ్గా 100 డాలర్లు. పెద్దాయన కూలి పుచ్చుకోలేదు. మా ఇంటావిడ చేసిన పులిహోర మాత్రం డబ్బా నిండా పట్టుకెళ్ళి, మర్నాడు ఖాళీ డబ్బాతో మళ్ళీ వచ్చాడు.

అయితే వర్క్‌షాపువాళ్ళు చెప్పింది పూర్తిగా అబద్ధమని నేననను. వెనక రెండు సంచుల రబ్బరు మడతల్లో సన్నని బీటలు కనిపించాయి. లోపలి దారాలు బయటపడలేదు, గాలి పోవడం లేదు. అయినా ఇరవయ్యేళ్ళ రబ్బరు, పైగా ఆ ఎండలు. దారాలు కనిపించిన రోజున ఒక్క మైలు కూడా నడపకూడదనీ, అందాకా ఆగకుండా వచ్చే వేసవి లోపల సంచులు మార్చాలనీ పెద్దాయన చెప్పాడు. కారడం లేదంటే ఇవాళ క్షేమమని అర్థం, కలకాలం క్షేమమని కాదు. మా భాషలో దీన్ని "ప్రొవిజన్" అంటారు. అప్పు మొండిబకాయి కాకముందే కొంత పక్కన పెట్టుకోవడం. అల్లుడు నెలకింత అని పక్కనపెట్టి 2024 మేలో ఆరు సంచులూ మార్పించాడు. తొందర లేకుండా నాలుగు చోట్ల ధర అడిగి మార్పించాడు గనుక, ముందు చెప్పినదానిలో సగానికే అయిపోయింది.

అనుకున్న రోజుకు ఒక రోజు ఆలస్యంగా బయలుదేరాం. ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు దాదాపు 230 మైళ్ళు. సముద్రమట్టానికి సుమారు 1,100 అడుగుల ఎత్తులో ఉన్న ఊరి నుంచి 7,000 అడుగుల దాకా ఎక్కాలి. మధ్యలో పొడవాటి వాలులున్నాయి. దిగేటప్పుడు అల్లుడు బ్రేకు నొక్కిన ప్రతిసారీ నేను గేజీల వంకే చూశాను. రెండు ముళ్ళూ బుద్ధిగా దిగి, బుద్ధిగా లేచాయి. లోయ అంచున నిలబడి మా ఇంటావిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మోకాళ్ళు నొప్పెట్టలేదండీ" అంది. అల్లుడికి అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు అక్కర్లేదు.

ఇదంతా చదివి, "మాకు మోటార్ హోమ్ ఎక్కడుందయ్యా?" అని మీరు అడగవచ్చు. మన కుటుంబాల్లో బస్సులూ లారీలూ నడిపిస్తున్నవాళ్ళు తక్కువేమీ కాదు. హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాం, ఎక్కడైనా సరే, మీ బండి గాలి మీద నిలబడేదైతే ఈ నాలుగు మాటలు మీ డ్రైవరుకూ క్లీనరుకూ చదివి వినిపించండి. స్టాండు లేనిదే కింద దూరవద్దు. విప్పే ముందు రాసుకోండి. చవకైనవి ముందు చూడండి. ఒక కన్నం దొరికాక మళ్ళీ లెక్క వెయ్యండి.

బండి లేనివాళ్ళకు వంటింట్లో గ్యాసు సిలిండరు ఉంది. వాసన వస్తోందని అనుమానం కలిగితే రెగ్యులేటరు మూసి, తలుపులూ కిటికీలూ తెరిచి, స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వచ్చి మెకానిక్కును పిలవండి. మామూలు రోజుల్లో గొట్టం, కీళ్ళు బాగున్నాయో లేదో చూడటానికి అదే సబ్బునీళ్ళు చాలు. అగ్గిపుల్ల వెలిగించి చూసే మహానుభావులు ఇంకా ఉన్నారు. వాళ్ళ కాళ్ళు పట్టుకుని బయటికి లాగండి. మా పక్కింటి పెద్దాయన చేసింది అదే.

ఇవాళ్టికీ మా అమ్మాయి ఫోనులో మాట్లాడుతూ, "అల్లుడు బండి దగ్గరున్నాడు నాన్నా" అంటే, నా నోట మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "స్టాండ్లు పెట్టాడా?"

వచ్చే సంచికలో మళ్ళీ మామూలు సస్పెన్స్ ఖాతాల దగ్గరికి వద్దాం. అంతవరకు సెలవు.